నన్ను దేవుణ్ణి చేసిన ఫోన్

అయ్యలారా, అమ్మలారా! ఫోన్ కొనాలనుకుంటే చెడిపోయిన ఫోనే కొనండి. అదీ రెండేళ్ల కాంట్రాక్టు మీద కొనండి. బాగున్న వస్తువు మీద పెరగని మమకారం, చెడిపోయినదానికి నెలనెలా కడుతుంటే పెరుగుతుంది. నా మాట నమ్మండి.

నా మాట అన్నాను కదా, గొప్పతనమంతా అక్కడే ఉంది. నా ఫోన్‌లో అవతలివాళ్ల మాట గంట కొట్టినట్టు వినిపిస్తుంది. నా మాట మాత్రం అవతలికి పోదు. మైకు చచ్చింది. ఇంతకన్నా సుఖం ఏముంటుంది చెప్పండి!

నేను గొడుగులు బాగుచేసుకుని బతికేవాణ్ణి. చదువు మూడో తరగతి దాకా. మాటలు అంతకన్నా తక్కువ. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంట్లో మాటల్లో నా వాటా ఒక్క "ఊఁ". మా ఆవిడ, వాళ్లక్క కాలు విరిగితే చూసుకోవడానికి వేరే ఊరు వెళ్తూ, రోజూ మాట్లాడుకోవచ్చని ఈ ఫోన్ నాచేత కొనిపించింది. రోజూ సాయంత్రం ఆవిడ మాట్లాడేది, నేను "ఊఁ" అనేవాణ్ణి. ఆ "ఊఁ" చేరడం లేదని నాకు తెలియదు. నేను అంటున్నానని ఆవిడకూ తెలియదు. ఇద్దరం హాయిగా ఉన్నాం.

సంగతి మా తమ్ముడి వల్ల బయటపడింది. వాడు నా నిచ్చెన పట్టుకెళ్లి విరగ్గొట్టి, పైగా ఫోన్ చేసి నన్నే తిట్టాడు. నేనూ ఊరుకోలేదు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ దాచుకున్న తిట్ల మూట మొత్తం విప్పాను. అవతల వెక్కి వెక్కి ఏడుపు.

"అన్నయ్యా! నేనిన్ని మాటలన్నా నువ్వు ఒక్క మాట తిరిగి అనలేదు. నువ్వసలు మనిషివి కాదు!"

మర్నాడు గుమ్మంలో కొత్త నిచ్చెన ఉంది. నా మైకు సంగతి అప్పుడు తెలిసింది. మా ఆవిడకు కబురు చెయ్యలేదు. పోయేది ఒక్క "ఊఁ"యే కదా అనుకున్నాను.

తమ్ముడు ఊరుకుంటాడా? నా ఓపిక గురించి చుట్టాలందరికీ చాటాడు. ఇప్పుడు ఎవరికి ఏ బాధ వచ్చినా నాకే ఫోన్! కోడలి మీద అత్త, అత్త మీద కోడలు ఒకే పూట చెప్పుకుంటారు. నేను ఫోన్‌ను బల్లమీద పెట్టి గొడుగు ఊచలు వంచుకుంటుంటాను. "మీతో మాట్లాడితే మనసు తేలికపడింది బాబాయ్" అంటారు. లోన్లు అంటగట్టే అమ్మాయి కూడా "సార్, ఉన్నారా సార్?" అని అడిగి అడిగి, చివరికి తన మేనేజర్ మీద చాడీలు చెప్పుకుని పెట్టేసింది. సభల్లో మైకు వదలని పెద్దలందరికీ ఈ మోడల్ ఊరికే పంచాలని నా మనవి!

ఇంత మంచి ఫోన్‌ను మార్చమని కొట్టుకు వెళ్లాను. మనిషి ఆశ అలాంటిది. కౌంటర్లో అమ్మాయి దాన్ని మోగించి చూసింది. మోగింది.

"బాగానే ఉంది కదా తాతగారూ!"

"మాట పోదు."

"అయితే కొన్న నెల్లోపే చెప్పాల్సింది. నెలంతా ఫోన్‌లో ఏం మాట్లాడారు మరి?"

"ఊఁ."

"అదే తాతగారూ, ఏం మాట్లాడారూ అంటున్నా!"

అమ్మడం వరకే తమ పని అనీ, తయారు చేసినవాళ్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్లమనీ చెప్పింది. వెళ్లాను. అక్కడి కుర్రాడు విప్పి చూశాడు.

"లోపల నోటి తడి తగిలింది. విపరీతంగా మాట్లాడేవాళ్ల ఫోన్లు ఇలాగే పోతాయి. వారంటీ వర్తించదు."

నన్ను వాగుడుకాయ అన్నవాడు భూమ్మీద వాడొక్కడే. ఆ మాటకు మా వీధి వీధంతా ఇంకా నవ్వుతోంది.

మళ్లీ కొట్టుకే వచ్చాను. తమ కంపెనీ హెల్ప్‌లైన్‌కి చెప్పుకోమన్నారు. అదీ చెడిపోయిన ఫోన్ నుంచే చెయ్యాలట. చేశాను. "సార్, మీ గొంతు వినిపించడం లేదు. మీరు మాట్లాడకపోతే ఫిర్యాదు లేదని రాసుకుంటాం. మా సేవలు మీకు నచ్చినందుకు ధన్యవాదాలు!" అంది అవతలి గొంతు. వెంటనే మెసేజ్ వచ్చింది. నేను అభ్యంతరం చెప్పలేదు కాబట్టి, ఒప్పుకున్నట్టే లెక్కేసి కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారట!

ఆ కొట్లో గోడమీద "కస్టమరే మాకు దేవుడు" అని పెద్ద బోర్డుంది. ఇదేదో పైపై మాట అనుకునేవాణ్ణి. ఎంత పొరపాటు! దేవుడు అందరి మొరలూ వింటాడు, ఒక్కరికీ బదులు చెప్పడు. మా ఫోన్ చేసే పనీ అదే. మాట మీద నిలబడ్డ కంపెనీ అంటే ఇదీ!

వాళ్ల పద్ధతి నచ్చి నేనూ పట్టుకున్నాను. ఒకాయన, నేను కుట్టిన గొడుగు కారుతోందని తెచ్చాడు. "కుట్టడం వరకే నా పని. వాన సంగతి మబ్బునడగండి" అన్నాను. ఆయన ఆ గొడుగుతోనే కొట్టబోయాడు. కంపెనీకి చెల్లింది నాకెందుకు చెల్లదో!

నా పక్క కొట్లో టైలర్ మాత్రం ఊరుకోడు. "బాబాయ్, నువ్వు సంతకం పెట్టింది కొట్టువాడి కాయితం మీద. వస్తువు చెడితే వాడే బాగుచెయ్యాలి, లేదా మార్చాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. ఇంకొకడి మీదకు నెట్టేస్తే కుదరదు. వినియోగదారుల కోర్టుకెక్కు!"

"అక్కడ మాట్లాడాలా?"

"మాట్లాడక? కోర్టు బాబాయ్!"

అందుకే ఆగాను.

మొత్తానికి అంతా సుఖమే. మొన్న సాయంత్రం ఒక్కటే చిన్న ఇబ్బంది వచ్చింది. మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏమండీ, అక్క కాలు బాగైంది. ఇద్దరం తోడుంటాం, ఇక్కడే ఉండిపొమ్మంటోంది. మీకు నేనున్నా లేకున్నా ఒకటేలా ఉంది. ఇన్నాళ్లలో ఒక్క 'ఊఁ' అయినా అన్నారా? రమ్మంటే రేపే బయల్దేరతాను. ఒక్క మాట చెప్పండి, చాలు."

"వచ్చెయ్" అన్నాను. గట్టిగానే అన్నాను. పక్క కొట్లో మిషను ఆగింది. టైలర్ తొంగిచూశాడు.

అవతల ఆవిడ చాలాసేపు ఆగింది. "సరేలెండి" అని పెట్టేసింది. మళ్లీ చెయ్యలేదు.

టైలర్ తన ఫోన్ ఇస్తానన్నాడు. కాజాలు కుట్టే నలుగురి ముందు ఆ మాట ఇంకోసారి అనాలా? నా వల్ల కాదు. తమ్ముడితో చెప్పించవచ్చు. కానీ అలాంటి మాట ఇంకొకడి నోట పంపిస్తామా? మరి పత్రికలో ఎలా రాశావంటారా? రాసేటప్పుడు నా మొహం ఎవరూ చూడటం లేదు కదా!

కంపెనీవారూ, ఫోన్ మారుస్తారా, డబ్బు వెనక్కిస్తారా అని ఇక్కడే అడుగుతున్నాను. ఏమీ అనడం లేదు మీరు. నోరు విప్పకపోతే ఒప్పుకున్నట్టేనని నేర్పింది మీరే. సంతోషం! సోమవారం పొద్దున్నే వచ్చి, మీ దేవుడి బోర్డు కింద కుర్చీలో కూర్చుంటాను. ఇచ్చేదాకా లేవను. పలక్కుండా కూర్చోవడంలో నాతో పోటీకి రాకండి.

ఇక వాళ్లక్క ఇంట్లో ఈ పత్రిక చదివే మనిషికి. ఆ మాట పైన ఒకసారి రాశాను. రెండోసారి రాయను. కళ్లజోడు పెట్టుకుని వెతుక్కో.