కౌన్సిలరు గారి ప్రోగ్రెస్ రిపోర్టు

"ప్రజాస్వామ్య చరిత్రలోనే మొట్టమొదటిసారిగా పాలకుడు పరీక్ష రాయబోతున్నాడు! ప్రశ్నలు మీవే! మార్కులు మీవే!" అంటూ మైకు కట్టిన వ్యాను మూడు రోజులు వీధి వీధీ తిరిగింది. ఎన్నికలింకా ఇరవై రోజులున్నాయి. అయిదేళ్ళుగా కంటికి కనపడని కౌన్సిలరు గారు జనానికి జవాబు చెప్పడానికి తనంతట తనే ముందుకు రావడం చూసి వార్డు వార్డంతా ముక్కున వేలేసుకుంది.

పేపరు దిద్దడానికి ఎవరు తగినవారనగానే, రెండో మాట లేకుండా అందరూ మూడో అంతస్తు సున్నా మాస్టారిని చూపించారు. ఆయన ముప్ఫై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. జవాబు తప్పయితే కన్నకొడుక్కైనా అర మార్కు విదల్చని మనిషి.

ఈ పరీక్ష మీద మాస్టారికి సొంత కక్ష కూడా ఉంది. వీధికి మంచినీళ్ళ గొట్టం వేయిస్తానని కౌన్సిలరు గారు పోయిన ఎన్నికల్లో మాటిచ్చారు. గోతులు తవ్వించారు. గొట్టం రాలేదు. వారానికి మూడుసార్లు ట్యాంకరు వస్తుంది. హెర్నియా ఆపరేషనయ్యాక మాస్టారు బరువులెత్తకూడదన్నాడు డాక్టరు. అందుకని మోకాళ్ళరిగిపోయిన ఆయన భార్యే బకెట్లు మూడంతస్తులూ మోస్తోంది. మెట్ల మీద ఆవిడ ఆయాసం వినపడినప్పుడల్లా మాస్టారికి తల కొట్టేసినట్టుంటుంది.

"ఈసారి వాణ్ణి వదిలేది లేదు," అన్నారు ఆయన.

"వదలకండి. ముందా డ్రమ్ము మూత తీయండి," అంది భార్య బకెట్టుతో నిలబడి.

పరీక్ష రోజున బడి హాలు కిక్కిరిసిపోయింది. మాస్టారి భార్య మాత్రం రాలేదు, ఆ రోజు ట్యాంకరొచ్చే రోజు. కౌన్సిలరు గారు ఇస్త్రీ లేని చొక్కా, చేతిలో అట్టతో, పది నిమిషాలు ముందే వచ్చి ఎంతో వినయంగా పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. ఆయన అనుచరుడు, అందరూ 'అవునవును' అని పిలిచేవాడు, మినరల్ వాటర్ సీసాతో గుమ్మంలో నిలబడ్డాడు.

పది ప్రశ్నలు, వంద మార్కులు. మొదటి ప్రశ్న మాస్టారిదే: మా వీధికి నీళ్ళ గొట్టమేది?

గంట గడిచాక మాస్టారు వంగి చూశారు. "మొదటి ప్రశ్న వదిలేశారేం?"

"తెలిసినవి ముందు రాసేద్దామని, మాస్టారూ."

"ఏవి తెలుసు?"

"నా పేరు, వార్డు నంబరు."

"అవునవును," అన్నాడు గుమ్మంలోంచి అనుచరుడు.

అయినా అడిషనల్ షీట్లు పదకొండు తీసుకుని ఆఖరి నిమిషం దాకా రాసిన ఆ పట్టుదల మెచ్చుకోవలసిందే. వీధి దీపాలెందుకు వెలగవన్న ప్రశ్నకి, 'వెలుగుతున్నాయి. పగలు వచ్చి చూడగలరు' అని రాశారు. రోడ్డు మీద గోతుల సంగతేమిటంటే, 'గోతులు లేని చోట రోడ్డు దివ్యంగా ఉంది' అన్నారు. మొదటి ప్రశ్న కింద మాత్రం ఓ గీత గీసి ఊరుకున్నారు.

మాస్టారు అక్కడికక్కడే దిద్దారు. దస్తూరికి అయిదు, మార్జిను గీసినందుకు రెండు. వందకి ఏడు. ఎర్ర సిరాతో వేసి కింద సంతకం పెట్టారు. హాలంతా ఈలలు. మాస్టారి గుండె సంతోషంతో ఉప్పొంగింది.

కౌన్సిలరు గారు లేచి, కళ్ళు తుడుచుకుని, మైకందుకున్నారు.

"ఫెయిలయ్యాను! ఇంతమంది ముందు ఒప్పుకుంటున్నాను. మాస్టారూ, ఒక్క మాట చెప్పండి. ఫెయిలైన పిల్లాణ్ణి మీరు పై క్లాసుకి పంపేవారా?"

"చచ్చినా పంపను."

"పోనీ, బళ్ళోంచి గెంటేసేవారా?"

"ఛ, అదేం మాట! వాడు బాగుపడద్దూ?"

"మరేం చేసేవారు?"

మాస్టారు జన్మలో అబద్ధమాడి ఎరగరు. "అదే క్లాసులో మళ్ళీ కూర్చోబెట్టేవాణ్ణి," అన్నారు.

"విన్నారా!" అన్నారు కౌన్సిలరు గారు జనం వైపు తిరిగి.

ఆ చప్పట్లలో, "పిల్లాడు వేరు, కౌన్సిలరు వేరు!" అని మాస్టారు అరిచిన అరుపు ఎవరికీ వినపడలేదు. మైకు ఆయన చేతిలో లేదు.

తెల్లారేసరికి గోడగోడకీ పోస్టర్లు వెలిశాయి. ఎర్ర అక్షరాలతో 7/100, దాని కింద 'మళ్ళీ అదే క్లాసులో కూర్చోబెట్టండి', ఆ కింద చెయ్యంత పొడుగున మాస్టారి సంతకం. మాస్టారికి ఎంత సిగ్గేసిందంటే, ఎన్నికలయ్యేదాకా ఇంట్లో కూడా ఆ ఊసెత్తలేదు, గడప దాటలేదు.

అవతల పార్టీ తరఫున నిలబడ్డ మందుల షాపాయన ఓట్లడగడానికొస్తే జనం మొహం మీదే అడిగారు, "మీకెన్ని మార్కులొచ్చాయండీ?"

"నేను పరీక్షే రాయలేదు."

"ఆబ్సెంటా? అయితే కష్టమండీ."

కౌన్సిలరు గారు పోయినసారి కంటే రెట్టింపు మెజారిటీతో గెలిచారు. మర్నాడు మాస్టారు పట్టలేని కోపంతో ఆయన ఆఫీసుకెళ్ళారు.

"గొట్టమెప్పుడు వేయిస్తారు?"

కౌన్సిలరు గారు లేచి నిలబడి మర్యాదగా కుర్చీ చూపించారు. "మీరే ఇలా అడిగితే ఎలా, మాస్టారూ? అన్ని జవాబులూ ఇప్పుడే రాసేస్తే వచ్చే పరీక్షలో ఏం రాయమంటారు?"

"అవునవును," అన్నాడు అనుచరుడు.

మాస్టారు మెట్లెక్కి ఇల్లు చేరేసరికి భార్య బకెట్లు కడుగుతోంది.

"ఏమన్నాడు?"

"ఇంకో అయిదేళ్ళు చదువుకోవాలట. అసలు వాణ్ణి కాదు, వాడికి ఓటేసిన గొర్రెల్ని అనాలి!"

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"నేనూ వాడికే వేశానండీ."

"నువ్వా? ఎందుకే?"

"పోస్టరు మీద మీ సంతకం చూశాక ఇంకెవరికి వేస్తాను?"

కింద ట్యాంకరు హారను మోగింది. ఆవిడ చెరో చేత్తో ఓ బకెట్టు పట్టుకుని మెట్లు దిగసాగింది.