ఉభయ దేశాల సాల్మన్

"మన ఏటి సాల్మన్‌కు స్వర్ణయుగం మొదలైంది!" అని మత్స్యశాఖ మంత్రి తార్మో కుర్కినెన్ గారు మా ఊరి ఒడ్డున నిలబడి ప్రకటించగానే జనమంతా టపటపా చప్పట్లు కొట్టారు. జూన్ నెల కదా, మా దగ్గర దోమలెక్కువ.

మంత్రిగారి దూరదృష్టి గురించి మా టేనో లోయ వారపత్రిక పాఠకులకు నేను కొత్తగా చెప్పనక్కర్లేదు. మా ఏటికి నడిమధ్యలో సరిహద్దు గీత. ఈ ఒడ్డు ఫిన్లాండ్, ఆ ఒడ్డు నార్వే. ఏట్లో సాల్మన్లు తగ్గిపోయాయని ఉభయ ప్రభుత్వాలూ కలిసి కొన్నేళ్లుగా వేట నిషేధించాయి. తగ్గడానికి కారణం సముద్రమా, ఎండలా, మనుషులా అన్నది ఇంకా తేలలేదు. సముద్రానికీ ఎండకీ సీలు వేయడం కుదరదు కనుక మా వలలకు వేశారు.

"ఈ శనివారం ఏటి మధ్యన, సరిగ్గా సరిహద్దు మీద, నేనూ నార్వే మంత్రి గున్‌వోర్ హెస్ట్‌నెస్ గారూ కలిసి ఒక తల్లి సాల్మన్‌ను నీళ్లలోకి వదులుతాం. టీవీలన్నీ వస్తాయి. ప్రపంచమంతా చూస్తుంది!" అన్నారు మంత్రిగారు.

మళ్లీ చప్పట్లు. ఆ సందట్లో మత్స్యశాఖ అధికారి ఓయ్వా రాస్సి మంత్రిగారి చెవి దగ్గరికి వంగాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి వినబడింది.

"సార్, వదలాలంటే చేప కావాలి కదండీ."

"తెప్పించండి."

"ఎక్కణ్ణుంచండీ?"

"ఏట్లోంచి."

"ఏట్లో పట్టడం నిషేధమండీ."

"ఎవరు నిషేధించారు?"

"తమరేనండీ."

"మంచి పని చేశాను. అయితే అనుమతి ఇవ్వాల్సిందీ నేనేగా?"

"సగమేనండీ. తక్కిన సగం నార్వే వాళ్లివ్వాలి."

ఉభయ దేశాల ఉమ్మడి సంఘం వెంటనే కూర్చుంది. తర్జనభర్జనల తర్వాత తలా అర చేపకు అనుమతిచ్చింది. తల వైపు ఎవరిది, తోక వైపు ఎవరిది అన్నది పట్టాక చూసుకుందామనుకున్నారు.

ఇక పట్టేదెవరు? మత్స్యశాఖ సిబ్బందికి చేపలు పట్టేవాళ్లను పట్టడం బాగా అలవాటైంది గానీ చేపను పట్టడం అలవాటు తప్పింది. అందుకని రాస్సి మా పక్కింటి రిస్తిన్ పెద్దమ్మ గుమ్మం ముందు బూట్లు విప్పాడు. చరిత్రాత్మక ఘట్టమని నేనూ వెంట వెళ్లాను.

"రావయ్యా రాస్సీ! నా వలకు సీలేసిన దొరవి నువ్వే కదూ? కూర్చో. కాఫీలో జున్ను ముక్క వేయనా?"

"వేయండమ్మా. ఒక చిన్న పనుండి వచ్చాను. ప్రభుత్వానికి ఒక సాల్మన్ కావాలి."

పెద్దమ్మ జున్ను కోయడం ఆపింది. "పట్టొద్దన్న చేపను పట్టమంటావా?"

"తినడానిక్కాదమ్మా. వదలడానికి."

"పట్టకుండా ఉంటే వదిలేసినట్టే కదరా నాయనా?"

"అది టీవీలో కనబడదమ్మా."

పెద్దమ్మ నా వైపు చూసింది. "ఒరేయ్ ఇస్సాత్, నువ్వు పత్రికోడివి. వీడు చెప్పేది నీకేమన్నా అర్థమవుతోందా?"

"దేశ గౌరవం పెద్దమ్మా," అన్నాను.

"అయితే సరే. కానీ నేనొక్కదాన్నే పట్టను. వల రెండో కొస మా యోవ్నా బావ పట్టాలి. మా అమ్మమ్మల కాలం నుంచీ అంతే. ఆయన వలకు కూడా సీలు తీయించు."

యోవ్నా తాతది అవతలి ఒడ్డు, కాబట్టి నార్వే. పెద్దమ్మ ఒడ్డుకెళ్లి రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుని విదేశాంగ వ్యవహారం మొదలెట్టింది.

"ఓ బావా! ఉన్నావా, పోయావా?"

"నిన్ను సాగనంపాకే పోతానే!" అని నార్వే నుంచి జవాబొచ్చింది.

"పడవ తియ్యి! వల వెయ్యమని సర్కారోళ్లు కాళ్లావేళ్లా పడుతున్నారు!"

"పొద్దున్నే ఎంత తాగావే?"

శుక్రవారం పడవలు కదిలాయి. వల పడవలు రెండు, వాటి వెనక ఫిన్లాండ్ గస్తీ పడవ ఒకటి, నార్వే గస్తీ పడవ ఒకటి. వల సరిహద్దు మీద సమంగా ఉందో లేదో అధికారులు ఫోన్లలో మ్యాపులు చూస్తూ చెబుతున్నారు.

"కాస్త ఫిన్లాండ్‌కు జరగండి!"

"ఎక్కువైంది! నార్వేకు రండి!"

పెద్దమ్మ వాళ్ల మాట వినడం లేదు. తాడు ఒక చేతిమీదుగా జారవిడుస్తూ, ఇంకో అరచేత్తో వల అంచును అలా పట్టుకుని కూర్చుంది, పసిపిల్ల జ్వరం చూస్తున్నట్టు. ఆమె నోట్లో ఏదో కూనిరాగం. అవతలి పడవలో యోవ్నా తాత అదే రాగం అందుకున్నాడు. ఆ కాసేపు పత్రికకు రాయదగిన విషయం ఏదీ జరగలేదు.

జూన్‌లో మా దగ్గర సూర్యుడు ఎటూ అస్తమించడు కాబట్టి ఎంతసేపైందో నాకు తెలియదు. ఉన్నట్టుండి వల గుంజుకుంది. పెద్దమ్మ "బావా, లాగు!" అని అరిచింది. నా చెయ్యంత పొడవు ఆడ సాల్మన్, వెండి పళ్లెంలా మెరుస్తూ పైకొచ్చింది.

పెద్దమ్మ ఏడ్చేసింది. గస్తీ పడవల్లో కొట్లాట మొదలైంది.

"తల మా వైపు తగిలింది! ఫిన్లాండ్ చేప!"

"తోక మా నీళ్లలో ఉంది! తోకే కదా దాన్ని ఇక్కడిదాకా ఈదించింది? నార్వే చేప!"

కుర్కినెన్ గారూ హెస్ట్‌నెస్ గారూ ఫోన్లో మాట్లాడుకున్నారు. చేప మాదంటే మాదని గట్టిగా అనుకున్నాక, ఆ రాత్రికి అది ఫిన్లాండ్‌లో విశ్రాంతి తీసుకుని, నీళ్లలోకి మాత్రం నార్వే చేతుల మీదుగా దిగేటట్టు ఒప్పందమైంది.

చేపను మంత్రిగారు బస చేసిన హోటల్లో, ఆవిరి గది పక్కన ఉండే చెక్క తొట్టిలో ఉంచారు.

"అతిథికి ఏ లోటూ రాకూడదు," అని మంత్రిగారు ఆజ్ఞాపించారు.

హోటల్ వాళ్లు ఏ లోటూ రానివ్వలేదు. చల్లటి నీళ్లలో బతికే చేపకు చలేస్తుందేమోనని నీళ్లు గోరువెచ్చగా చేశారు. మంత్రిగారు స్వయంగా లాగు తొడుక్కుని తొట్టిలో దిగి, "చేప బాధ తెలియాలంటే చేపతో పాటు నానాలి," అని ఫోటో తీయించుకున్నారు. ఎంతమంది నాయకులకు ఈ మాట తోస్తుంది? ఫోటోలో ఇద్దరూ నోరు తెరుచుకునే ఉన్నారు.

శనివారం ఉదయం రాస్సి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, చేప చాలా ప్రశాంతంగా ఉందండీ."

"సంతోషం."

"మరీ ప్రశాంతంగా ఉందండీ."

మంత్రిగారు తొట్టిలోకి తొంగిచూశారు. వేలితో పొడిచారు. ఇంకోసారి పొడిచారు. "టీవీ వాళ్లొచ్చేశారా?" అనడిగారు.

"వచ్చేశారండీ."

"అయితే చేప బతికే ఉంది. పడవెక్కించండి."

కార్యక్రమం పదింటికి. మేం పదింటికే ఏటి మధ్యకు చేరాం. హెస్ట్‌నెస్ గారూ పదింటికే వచ్చారు గానీ, నార్వే గడియారం మాకంటే గంట వెనక. ఆ గంటసేపూ మంత్రిగారు తువ్వాల్లో చుట్టిన సాల్మన్‌ను చంకలో ఎత్తుకుని, చిరునవ్వు చెదరకుండా కూర్చున్నారు. దోమలు కూడా ఆయన్ని వదిలి చేప మీద వాలాయి.

పడవలు దగ్గరయ్యాయి. కెమెరాలు లేచాయి.

"మేడమ్," అన్నారు కుర్కినెన్ గారు, "రాత్రంతా ఆలోచించాను. ఈ చేప మీదే. ముమ్మాటికీ నార్వేదే. తీసుకోండి."

హెస్ట్‌నెస్ గారి ముఖం వెలిగిపోయింది. చేతులు చాచి అందుకున్నారు. ఆ వెలుగు మెల్లగా ఆరిపోయింది.

"అబ్బే, ఎంత మాట! రాత్రి మీ ఇంట పడుకున్న బిడ్డ. ఫిన్లాండ్‌దే. మీరే వదలండి."

"తోక మీదండీ."

"తల మీదండీ."

"తోకే కదండీ దాన్ని ఈదించింది?"

"తల లేకపోతే తోకకు దారెలా తెలుస్తుందండీ?"

ఇచ్చిపుచ్చుకోవడంలో చేప జారి నీళ్లలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. చేప పొట్ట పైకి పెట్టి తేలింది.

"మంత్రిగారూ, చేప వెల్లకిలా ఈదుతోందేమండీ?" అనడిగాడు ఒక టీవీ విలేకరి.

"స్వేచ్ఛ!" అన్నారు కుర్కినెన్ గారు. "తొలిసారిగా ఆకాశం చూసుకుంటోంది."

సాల్మన్ సరిహద్దు గీత మీదుగా నెమ్మదిగా కొట్టుకుపోసాగింది. నార్వే గస్తీ పడవ దాని పక్కకొచ్చి తెడ్డుతో మా వైపు నెట్టింది. మా రాస్సి తెడ్డుతో మర్యాదగా వాళ్ల వైపు నెట్టాడు. వాళ్లు ఇటు, మేం అటు. నిన్న అంతగా కొట్టుకున్న దేశాలు ఇవాళ నీది నీదంటూ ఇచ్చుకోవడం చూసి నా కళ్లు చెమర్చాయి.

చివరికది పోయి పోయి రిస్తిన్ పెద్దమ్మ రేవులోనే ఆగింది. సంఘం నిపుణురాలు ఒకావిడ వచ్చి నాలుగు పొలుసులు గీక్కుని పరీక్షకు పట్టుకెళ్లింది. కళేబరాన్ని ఏ దేశం గిడ్డంగిలో పెట్టినా ఆ దేశానిదే చావు అవుతుంది కనుక, పెద్దమ్మ ఫ్రీజర్లో పెట్టి, మూతకు ఒక పక్క ఫిన్లాండ్ సీలు, ఇంకో పక్క నార్వే సీలు వేశారు.

"అందులో నా రెయిన్‌డీర్ మాంసం ఉందిరా!" అని మొత్తుకుంది పెద్దమ్మ.

"విచారణ అయ్యేదాకా అదీ సాక్ష్యమేనమ్మా," అన్నాడు రాస్సి.

కొన్ని వారాలు పెద్దమ్మ గంజి తాగి బతికింది. ఆగస్టులో రాస్సి మళ్లీ వచ్చి గుమ్మంలో బూట్లు విప్పాడు. యోవ్నా తాతా నేనూ అప్పుడక్కడే ఉన్నాం.

"శుభవార్తమ్మా. పొలుసుల పరీక్షలో తేలిపోయింది. అది ఏటి సాల్మనే కాదు. సముద్రంలో వలబోనుల్లో పెంచుతారే, ఆ బోను చేప. తప్పించుకుని ఏట్లోకొచ్చింది."

"అయితే ఆ బోనులాయనకు ఇచ్చెయ్యండి."

"అడిగాం. వాళ్ల బోనుల్లోంచి ఇంతవరకూ ఒక్క చేపా తప్పించుకోలేదట. అంచేత వాళ్లదీ కాదు. ఉభయ దేశాలూ ఆలోచించి, అసలు చేపే లేదని తీర్మానించాయి. ఈ ఏడాది టేనోలో ఒక్క ఏటి సాల్మన్ కూడా చనిపోలేదని నిన్న ప్రకటించారు. మంత్రులిద్దరికీ పతకాలు వస్తున్నాయి."

"మరి ఏట్లో బతికున్నవి ఎన్నిరా?" అనడిగాడు యోవ్నా తాత.

"అది ప్రకటనలో లేదండీ." రాస్సి సంచీలోంచి కొత్త సీళ్లు తీశాడు. "మీ వల ఇస్తారా? వచ్చే ఏడాది కూడా నిషేధమే. ఇంత బాగా పనిచేస్తుంటే ఆపరు కదా."

పెద్దమ్మ మూలనున్న వలను ఒకసారి తడిమి, తనే మడిచి ఇచ్చింది. రాస్సి తలొంచుకుని సీలు వేసి, ఆ తర్వాత ఫ్రీజర్ సీళ్లు రెండూ పీకేశాడు.

"ఇందులో ఉన్నదాన్ని ఏం చెయ్యమంటావురా?" అంది పెద్దమ్మ మూతెత్తి.

రాస్సి తొంగిచూశాడు. "ఏముందమ్మా? నాకేం కనబడటం లేదు."

పెద్దమ్మ పొయ్యి వెలిగించింది. తాత బంగాళాదుంపలు చెక్కు తీశాడు. రాస్సి కాసేపు బూట్ల వంక చూసి, వేసుకోకుండానే వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

లేని చేపను నలుగురం తిన్నాం. ఉప్పు కొంచెం తగ్గింది.