తలుపవతల మామగారు, ఇవతల ఇంటర్వ్యూ

ఆ రోజు పొద్దున అల్లుడి పథకం చాలా తేలికైనది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, పదిన్నరకల్లా ఆఫీసులో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. కుర్చీలూ బల్లలూ తయారుచేసి విదేశాలకు పంపే ఆ కంపెనీలో ఉత్తరాల విభాగానికి అధికారి పోస్టు ఖాళీ అయింది. ఏళ్ల తరబడి జిరాక్స్ మెషీను పక్కన కూర్చుని, దాని వేడికి సగం ఉడికిన అల్లుడికి ఆ పోస్టుతో వచ్చే గది మీదే ప్రాణం. తలుపున్న గది, కిటికీ ఉన్న గది!

ఒక్కటే చిక్కు. జరిగిన పనిని ఇంగ్లీషులో రాయాలంటే పాస్ట్ టెన్స్ వాడాలో, ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాడాలో అతనికి చచ్చినా తేలేది కాదు. అందుకే అతని భార్య తన తండ్రిని పిలిపించింది. మామగారు జీవితమంతా ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. వస్తూనే షరతు పెట్టారు.

"అల్లుడుగారూ, ఇంటర్వ్యూ అయ్యేదాకా నేను వినకుండా ఈ ఇంట్లోంచి ఒక్క ఇంగ్లీషు వాక్యం కూడా బయటికి పోవడానికి వీల్లేదు."

అల్లుడు బుద్ధిగా తలూపాడు. ఊపకుండా ఉండాల్సింది.

ఆ పొద్దున మామగారు ముందుగా స్నానానికి వెళ్లారు. ఆ ఇంట్లో బాత్రూమ్ తలుపు నీళ్లు తగిలి తగిలి ఉబ్బిపోయింది, ఒక్కోసారి బిగుసుకుపోతుంది. పిడి పట్టుకుని కాస్త పైకెత్తి, బయటినుంచి భుజంతో ఒక్క తోపు తోస్తే వచ్చేస్తుంది. భార్యాభర్తలిద్దరికీ ఆ కిటుకు అలవాటే. మామగారికే కొత్త.

"అల్లుడుగారూ! తలుపు రావడం లేదండీ!"

"వస్తున్నా మామయ్యగారూ, కంగారుపడకండి!" అంటూ అల్లుడు పరుగెత్తుకొచ్చి పిడి మీద చెయ్యి వేశాడు. వేసినవాడు తొయ్యొచ్చు కదా? తొయ్యలేదు. ఆలస్యమంటే మేనేజరుకి ఒళ్లు మంట అన్న సంగతి అప్పుడే గుర్తొచ్చింది. ముందు జాగ్రత్తగా ఒక ముక్క రాసి పడేద్దామని ఫోను తీశాడు.

"మామయ్యగారూ, ఆఫీసుకి మెసేజ్ పెడుతున్నా, వినండి. మై ఫాదరిన్‌లా గాట్ స్టక్ ఇన్ ది బాత్రూమ్."

"ఆగండాగండి. గాట్ అంటే పాస్ట్. ఆ పని అయిపోయింది, దాని గొడవ తీరిపోయింది అన్నట్టుంటుంది. నేను బయటికొచ్చి కాఫీ తాగుతున్నానా ఇప్పుడు?"

"లేదండీ."

"దాని ఫలితం ఇంకా ఉందా?"

"ఉందండీ. మీరు లోపలే ఉన్నారు కదండీ."

"మరైతే పర్ఫెక్ట్ రాయండి. హాజ్ గాట్ స్టక్!"

అల్లుడు రాశాడు. ఎప్పుడు ఇరుక్కున్నారో కూడా చెబితే నమ్మకంగా ఉంటుందని చివర 'ఎట్ ఎయిట్ థర్టీ' అని తగిలించి మళ్లీ చదివాడు. లోపల మగ్గు కిందపడ్డ చప్పుడైంది.

"అయ్యయ్యో! జరిగిన టైము చెప్పాక పర్ఫెక్ట్ ఎలా పెడతారండీ? టైము చెబితే పాస్టే!"

"ఇందాక పాస్ట్ కుదరదన్నారు కదండీ!"

"ఇందాక టైము లేదు!"

"ఇప్పుడూ లేదండీ మామయ్యగారూ, నాకు ఇంటర్వ్యూ ఉంది!"

"పాఠం మధ్యలో తొందరపడకూడదు. టైమూ ఉండాలి, నేనింకా లోపలే ఉన్నానని తెలియాలి. అంతేగా? హాజ్ బీన్ స్టక్ సిన్స్ ఎయిట్ థర్టీ. రాయండి."

అల్లుడు అదీ రాశాడు. అతనికి తెలియనిదల్లా ఒక్కటే. ఏదైనా రాయగానే పక్కనున్న బాణం గుర్తు నొక్కడం అతని బొటనవేలికి ఎప్పటినుంచో అలవాటు. మామగారికి చదివి వినిపించే ముందే ప్రతి వాక్యమూ వెళ్లిపోయింది. అదీ మేనేజరుకి కాదు, ఆఫీసు గ్రూపులోకి! పాఠాల వేళ ఫోను మోగకూడదని మామగారి ఆజ్ఞ కాబట్టి జవాబులేవీ వినపడలేదు.

ఆఫీసులో మొదటి మెసేజ్ చూసి అందరూ "అయ్యో పాపం" అనుకున్నారు. రెండోది రాగానే మొహమొహాలు చూసుకున్నారు. మూడోదానికి క్యాషియరమ్మ లేచి నిలబడింది.

"ఇదేం చోద్యమండీ! ఇరుక్కున్నారంటాడు, మళ్లీ ఇరుక్కున్నారంటాడు. ఆ పెద్దాయన ఎన్నిసార్లు ఇరుక్కుంటాడు?"

మేనేజరు కళ్లద్దాలు సవరించుకున్నాడు. "పెద్దమనిషన్నవాడు ఒకే పొద్దున ఇన్నిసార్లు బాత్రూమ్‌లో ఇరుక్కోడు. ఎవరో ఇరికిస్తున్నారు. పదండి!"

ఇంటి దగ్గర పాఠం 'జస్ట్', 'ఆల్రెడీ' దాకా వచ్చేసరికి కాలింగ్ బెల్ మోగింది. అల్లుడు తలుపు తీస్తే ఎదురుగా మేనేజరు, క్యాషియరమ్మ, వాళ్ల వెనక రంపాలు పట్టుకుని కంపెనీ వడ్రంగులు! అతని పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీ మామగారిని ఎందుకు బంధించావయ్యా?" అంటూ మేనేజరు ఫోను చూపించాడు.

తన వాక్యాలన్నీ వరసగా కనబడేసరికి అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. "నేను బంధించలేదు సార్! టెన్స్ తేలక..."

"టెన్స్ తేలకపోతే మామగారిని లోపల పెడతావా?"

"నన్నెవరూ పెట్టలేదండీ!" అని లోపల్నుంచి గొంతు వినబడింది. "ఇక్కడ పాఠం జరుగుతోంది. ఆ రంపాల చప్పుడు కాసేపు ఆపించండి."

మేనేజరు గడియారం చూసుకున్నాడు. ఆలస్యమంటే గిట్టని మనిషాయె. "టైమైంది. ఇంటర్వ్యూ ఇక్కడే కానిద్దాం," అంటూ బాత్రూమ్ ముందు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "చెప్పవయ్యా. సరుకు నిన్న పంపాం. కస్టమరుకి ఏమని రాస్తావు?"

అల్లుడు నోరు తెరిచాడు.

"నిన్న అన్నాక ఇంకేముందండీ, పాస్టే! ఉయ్ షిప్డ్ ఇట్ ఎస్టర్‌డే!" అంది బాత్రూమ్.

"తేదీ చెప్పం. సరుకు పంపాం, ఇంకా దారిలో ఉంది. అప్పుడు?"

"ఉయ్ హావ్ షిప్డ్!"

మేనేజరు మొహం వెలిగిపోయింది. స్టూలు తలుపు వైపు తిప్పుకున్నాడు. అల్లుడు బళ్లో పిల్లాడిలా చెయ్యెత్తాడు. "సార్, ఆ రెండోది నాకూ తెలుసు సార్!"

"నువ్వు కాసేపు ఉండవయ్యా!"

ఇంతలో హాస్పిటల్లో రాత్రి డ్యూటీ ముగించుకుని నర్సు పని చేసే అల్లుడి భార్య ఇంటికొచ్చింది. వడ్రంగుల్ని చూసింది. బాత్రూమ్ తలుపుతో ఇంగ్లీషులో మాట్లాడుతున్న మేనేజర్ని చూసింది.

"ఏమండీ, ఏంటిదంతా? నాన్న ఏరీ?"

"లోపల. తలుపు రావట్లేదు."

"పైకెత్తి తోశారా?"

అల్లుడు అసలు తోసిందే లేదు.

"నాన్నా, పక్కకి జరుగు," అని ఆమె పిడి పట్టుకుని పైకెత్తి భుజంతో ఒక్క తోపు తోసింది. తలుపు వచ్చేసింది. జుట్టులో సబ్బు నురగ ఎండిపోయి, భుజాన తువ్వాలుతో మామగారు గంభీరంగా బయటికొచ్చారు. మేనేజరు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఇంతకీ మీ మేనేజరుగారికి తెలుగు రాదా?" అని ఆమె మొగుణ్ని అడిగింది. "ఇరుక్కున్నారు అని రాస్తే పోయేదానికి!"

క్యాషియరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోస్టు మామగారికే వచ్చింది. తలుపూ కిటికీ ఉన్న ఆ గదీ ఆయనకే వచ్చింది. అల్లుడు జిరాక్స్ మెషీను పక్కనే కూర్చుని ఉత్తరాలు రాసి, ఆ గదికి పట్టుకెళ్లి, ఎర్ర సిరాతో నిండాక వెనక్కి తెచ్చుకుంటున్నాడు. మిగిలిపోయిన తప్పుల సంగతి రాత్రి భోజనాల దగ్గర తేలుతోంది.

బాత్రూమ్ తలుపుని ఊరికే చిత్రిక పట్టి ఇస్తామని కంపెనీ వడ్రంగులు ఎన్నిసార్లు చెప్పినా, అల్లుడు మాత్రం అక్కర్లేదంటున్నాడు.