కొట్టివేతలు లేని ఫారం

సూర్యకళకు ఈ లోకంలో అన్నింటికంటే ఎక్కువ భయం ఒక్కటే: ఎవరైనా ఒక కాగితం చేతికిచ్చి "ఇది నింపమ్మా" అనడం. పాము, పిడుగు, అత్తగారు ఆ తర్వాతే. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించిన నాటి నుంచి ఆమె కాగితాలన్నీ ఇంకెవరో నింపుతూ వచ్చారు. గ్యాసు ఫారం భర్త నింపాడు. దవాఖానాలో చీటీ నర్సు నింపింది. పుట్టిన తేదీ అయితే ఎప్పుడో హెడ్మాస్టరే నింపేశాడు. ఆ ఏడాది చేరిన పిల్లలందరికీ ఆయన జనవరి ఒకటే రాశాడు, పని తేలికవుతుందని. ఆమె చేయాల్సిందల్లా తల ఊపడం. ఊపగా ఊపగా ఆమెకు అదే మాటయిపోయింది.

అలాంటి మనిషి ఈమధ్య కూతురు దీపను ఒకటో తరగతిలో చేర్చే ఫారం తానే నింపింది. నాచారంలో వాళ్ళ గల్లీ చివర ఉన్న బడి అది. ముప్ఫై ఒక్క గడులు, అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో. ఎవర్నీ అడగలేదు. రెండు వారాలు పాత కరెంటు బిల్లుల వెనక రాసి రాసి చూసుకుంది. తల్లి ఏం పని చేస్తుందన్న గడి దగ్గర రెండు రోజులు ఆగిపోయింది. నల్లపెన్ను ఒక్కటి మాత్రం ఇంటి ఓనరు పట్టాభిరామయ్య గారిని అడిగి తెచ్చుకుంది. బడి గుమాస్తా పద్మశ్రీ మేడం ఆ ఫారం మీద తల ఎత్తకుండా ముద్ర కొట్టింది. తల ఎత్తలేదంటే తప్పు లేదన్నమాట. బయటికొచ్చాక సూర్యకళ స్టాండులో సైకిళ్ళ పక్కన కాసేపు చతికిలబడింది.

ఇంటికొచ్చాక రంజిత్ అడిగాడు, "ఫారం ఇచ్చినవా?" అని. తల ఊపింది. అతను ఫోనులోకి వెళ్ళిపోయాడు. ఎవరు నింపారని అడుగుతాడేమోనని అన్నం తినేదాకా చూసింది. అడగలేదు.

అందుకే మర్నాడు పొద్దున ఒక చిన్న పథకం వేసుకుంది. రంజిత్ మందుల కంపెనీకి షిఫ్టుకు పోయాడు. అత్త మల్లవ్వ దీపను వెంటబెట్టుకుని కాప్రాలో చెల్లెలింటికి పోయింది. ఇల్లు ఖాళీ. బస్సెక్కి ఉప్పల్ పోవాలి. తనను ఎరిగినవాళ్ళు లేని బేకరీలో ఒక్క ముక్క పేస్ట్రీ కొనాలి. తెచ్చుకుని, తలుపు గడియపెట్టి, నిదానంగా తినాలి. అంతకుమించి ఆశ లేదు.

"పేస్ట్రీలు అయిపోయినయక్కా, అరకిలో కేకున్నది," అన్నాడు బేకరీ కొమురెల్లి, క్రీము గొట్టం పట్టుకుని. "పేరు జెప్పు, రాస్త."

"పేరెందుకన్నా? ఉట్టిగనే ఇయ్యి."

"ఉట్టి కేకు బోడిగుంటదక్కా. బర్త్‌డేనా?"

వెనక నలుగురు నిలబడ్డారు. ఫారం నింపినందుకని చెప్తే ఏ ఫారమంటాడు, ఎందుకంటాడు, నలుగురూ వింటారు. సూర్యకళ తల ఊపింది.

"ఎవరిది, నీదేనా?"

ఇంకోసారి ఊపి, పేరు మెల్లగా చెప్పింది.

ఆ రెండు ఊపులూ ఎర్ర క్రీముతో కేకు మీదికెక్కాయి: హ్యాపీ బర్త్‌డే సూర్యకళ. పైన అద్దంలాంటి మూత. బస్సులో అది అందరికీ కనబడింది. జూన్ ఎండకు అక్షరాలు మెత్తబడుతుంటే ఆమె పమిట కప్పి కూర్చుంది.

గేటు దగ్గర ఓనరుగారి భార్య త్రిపురసుందరి మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. "అయ్యయ్యో, ఏమ్మా సూర్యకళా! ఇవాళ నీ పుట్టినరోజా? నీ కేకు నువ్వే తెచ్చుకున్నావా తల్లీ? రంజిత్‌కి గుర్తులేదా?"

ఏమని చెప్పాలి? తల ఊపింది. ఏ ప్రశ్నకు ఊపిందో ఆమెకే తెలియదు. త్రిపురసుందరి అన్నింటికీ కలిపి జవాబు తీసుకుంది. సూర్యకళ మెట్లెక్కేలోపే రంజిత్‌కి ఫోను చేసేసింది.

గంటలో రంజిత్ పర్మిషను పెట్టి, కాప్రా మీదుగా తల్లినీ కూతుర్నీ బండి మీద ఎక్కించుకుని దిగాడు. కేకు మూత ఇంకా తీయలేదు.

"పెండ్లయి ఆరేండ్లాయె," అన్నాడు. "ఆధార్ల జనవరి ఒకటి ఉంటే గదే అనుకున్న. నీ అసలు పుట్టినరోజు ఎప్పుడని ఒక్కసారన్న అడిగిన్నా? మస్తు తప్పయింది సూర్యా."

ఆరేళ్ళలో అతను అంత మెత్తగా మాట్లాడటం అదే మొదలు. కాదని ఎలా చెప్పాలి?

"నేను ఏ తారీకున పుట్టిన్నో మా అవ్వకే యాదిలేకుండె," అంది మల్లవ్వ, కేకును పక్క నుంచీ పైనుంచీ చూస్తూ. "నా కోడలుదైతే కేకు మీద రాసిపెట్టున్నది. గింత ముచ్చట ఉన్నదని జెప్తే నేనొద్దంటనా పిల్లా?"

ఇంతలో పట్టాభిరామయ్య గారు పైకి వచ్చారు. ఆఫీసులో పెద్ద గుమాస్తాగా రిటైరైన మనిషి. ఫైలు కనబడక బెంగపడుతుంటారు.

"ఆగండాగండి. పుట్టినరోజు ఇవాళా? ఆధార్లో జనవరి ఒకటా? మరి నిన్న బడి ఫారంలో తల్లి పుట్టిన తేదీ ఏం పడింది?"

"జనవరి ఒకటే సార్," అంది సూర్యకళ.

"చచ్చాం! తప్పుడు తేదీ. ఇవాళ వదిలేస్తే పిల్ల పదో తరగతి సర్టిఫికెట్ దాకా పీకుతుంది. ముందు ఫారం దిద్దిద్దాం, తర్వాత ఆధార్. పదండి!"

"జర ఆగున్రి సార్, అది..." అంది సూర్యకళ.

"ఫికర్ జెయ్యకు," అన్నాడు రంజిత్. "నీ బర్త్‌డే నాడు గీ పనన్న నేను జేస్త."

అందరూ బయల్దేరారు. ముందు పట్టాభిరామయ్య గారు, చివర సూర్యకళ. ఆమె కడుపులో కేకు లేదు, ఉదయం నుంచీ ఇంకేమీ కూడా లేదు.

పద్మశ్రీ మేడం కట్టలోంచి ఫారం తీసింది. ఈసారి తల ఎత్తింది. "గిదా సార్? రెండు వందల ఫారాలల్ల కొట్టివేత లేనిది గిదొక్కటే. మిగతాయి సూడున్రి, పిల్ల పేరు కాడనే మూడు కొట్టివేతలు. ముత్యాలోలె నింపిన్రు. మీరేనా సార్?"

పట్టాభిరామయ్య గారు కిందివాళ్ళు రాసినదాని మీద ముప్ఫై నాలుగేళ్ళు సంతకాలు పెట్టారు. పైగా పెన్ను ఆయనదే. అలవాటైన ఆయన మెడ, దానంతటదే ఊగింది.

"దిద్దుడైతే కుదరదు సార్. ఇది చింపేసి కొత్తది నింపాలె," అని మేడం కాగితాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"చింపకున్రి మేడం!"

ఆ అరుపు ఎవరిదా అని సూర్యకళ కూడా వెనక్కి చూడబోయింది. "చింపకున్రి! ఇయ్యాల నా బర్త్‌డే కాదు!"

మేడం చేతులు కాగితం మీదే ఆగాయి.

"ఏందీ?" అంది మల్లవ్వ. "మరి కేకు దేనికి తెచ్చినవ్?"

"ఆ ఫారం... ఆ ఫారం నింపినందుకు."

అందరూ మెల్లగా పట్టాభిరామయ్య గారి వైపు తిరిగారు.

"అయ్యో పిచ్చిదానా!" మల్లవ్వ నుదురు కొట్టుకుంది. "పెద్దసారు మన ఫారం నింపిండని, సారు కోసం తెచ్చినవా? గది జెప్పెతందుకు గింత సిగ్గా?"

"కేకు మీద నీ పేరున్నది గద?" అన్నాడు రంజిత్.

"ఇచ్చినవాళ్ళ పేరు, బాబూ. గుళ్ళో ఫ్యాను మీద రాయించరూ, అలాగ," అన్నారు పట్టాభిరామయ్య గారు. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. "ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు. ఒక్కడంటే ఒక్కడు నాకు కేకు తేలేదు."

"కాదు సార్, ఆ ఫారం..." అని మొదలుపెట్టింది సూర్యకళ. ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. మేడం ఫారాన్ని చింపకుండా, చక్కగా కట్టలో పెట్టేసింది. దీప సీటు భద్రంగా ఉంది.

"అంతేనా సూర్యా?" అన్నాడు రంజిత్.

సూర్యకళ తల ఊపింది.

సాయంత్రం కేకును పట్టాభిరామయ్య గారు కోశారు. ఆయన కోస్తుండగా ఆడవాళ్ళ పేరెందుకని త్రిపురసుందరి చాకుతో 'సూర్యకళ'ను గీకేసింది. ఆ క్రీము దీప నాకేసింది. హ్యాపీ బర్త్‌డే మిగిలింది, ఆయన పుట్టింది నవంబరులో అయినా. అందరూ చప్పట్లు కొట్టారు. సూర్యకళ అందరికంటే గట్టిగా కొట్టింది, ఎందుకంటే ఏ పని మెచ్చుకుంటున్నారో ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. చివరి ముక్క ఆమెకని పక్కన పెట్టారు. షుగరున్నా ఇవాళ్టికి ఫర్వాలేదని పట్టాభిరామయ్య గారు అదీ తీసుకున్నారు. మూతకు అంటుకున్న ఎర్ర మరకను కడిగేస్తూ ఆమె వేలికొసతో తీసి నాలుక మీద పెట్టుకుంది. తియ్యగానే ఉంది.

మీరెప్పుడైనా నాచారం వైపు వెళ్తే ఒక్క సాయం చేయండి. బడి ఉన్న గల్లీలో, గేటు ముందు మాగాయ ముక్కలు ఎండబెట్టిన ఇంటి పైవాటాలో ఉంటుంది. ఒకసారి తలుపు తట్టి, "కేకు తిన్నావా అమ్మా?" అని అడగండి.

తల ఊపుతుంది. నమ్మకండి.