సమాధానం అక్కర్లేని లెక్కలు

లెక్కకి జవాబు కనిపెట్టమనడం పాతకాలపు మొరటుతనం! మా అమ్మాయి ఉద్యోగ పరీక్షకి చదివే డేటా సఫిషియన్సీ చూడండి. అందులో జవాబు ఎవరికీ అక్కర్లేదు. ఇచ్చిన వివరాలు సరిపోతాయా, సరిపోవా? అంతే! పదో క్లాసు గట్టెక్కని నాలాంటివాడికి ఇంతకన్నా వరం ఏముంటుందండీ?

వెంటనే ఇంట్లో అమల్లో పెట్టాను. కారుతున్న కుళాయి ఎప్పుడు బాగుచేయిస్తారని మా ఆవిడ అడిగితే, వివరాలు చాలవన్నాను. రాత్రి ఎన్నింటికొస్తారంటే, సగటున ఎనిమిదికన్నాను. సగటు ఎంత చల్లని తల్లి! ఆరింటికొచ్చినా, పదింటికొచ్చినా కొంగు కింద దాచేస్తుంది.

మా ఆవిడ తక్కువ తిన్నదా? "సగటు సరే. తొందరగా వచ్చిన రోజుకీ, ఆలస్యంగా వచ్చిన రోజుకీ తేడా ఎంతో చెప్పండి" అంది. దాన్నే రేంజ్ అంటారట. సగటు దాచిన గుట్టంతా అది రట్టు చేసేస్తుంది.

అమ్మాయి పుస్తకంలో ఓ లెక్క నేనూ పట్టాను. ఐదుగురి సగటు వయసు ఇరవై. పెద్దవాడికీ చిన్నవాడికీ తేడా ఎనిమిది. పెద్దవాడు ముప్పై దాటాడా? చిన్నవాడు ఇరవై మించడు, కాబట్టి పెద్దవాడు ఇరవై ఎనిమిది మించడు. దాటలేదు! దర్జాగా 'సరిపోవు' మీద టిక్కు పెట్టాను.

అమ్మాయి నవ్వింది. "దాటలేదని ఖాయంగా తేలిందిగా నాన్నా? 'కాదు' కూడా జవాబే. అంటే సరిపోయినట్టే."

పరీక్ష పాసైంది. ఇంటర్వ్యూకీ వెళ్లొచ్చింది. మేమే చెబుతామన్నారట. ఫోన్ చేస్తే ప్రాసెస్‌లో ఉందన్నారు. మళ్లీ చేస్తే పైవాళ్లు చూస్తున్నారన్నారు. ఎంత ఆరితేరారో చూశారా? రెండు వాక్యాలూ కలిపినా ఏమీ తేలదు! ఈలోగా ఇంకోచోట పిలిస్తే, ఇది తేలాక చూద్దామని ఆగింది. అదీ చేజారింది. ఇప్పుడు స్నానానికి వెళ్లినా ఫోన్ తలుపు దగ్గరే పెట్టుకుంటోంది.

నిన్న కంచం ముందు కూర్చుని మెల్లగా అంది. "ఉద్యోగం ఇవ్వకపోయినా పర్లేదు నాన్నా. 'ఇవ్వం' అని చెప్పొచ్చుగా?"

వివరాలు చాలవని అనబోయాను. లేచి వెళ్లి, కుళాయి కోసం ప్లంబరుకి ఫోన్ చేశాను.

"నాకు కుదరదండీ. రేపూ కుదరదు. ఇంకెవరినైనా చూసుకోండి" అని పెట్టేశాడు.

ఎంత పెద్దమనిషి! వెతుక్కుంటూ వెళ్లి దణ్ణం పెట్టాలనిపించింది.