కోదాడలో దిగని విమానం

ఆషాఢంలో ఒకనాటి సాయంత్రం కోదాడ పఠనాలయంలో "ఉత్తర ధ్రువ ప్రాంతమున వైమానిక స్థావరము: చరిత్ర, ప్రయోజనము" అన్న విషయంపై మహోపన్యాసం జరిగింది. కోదాడ ప్రజలకు ఆ సంగతి తెలియవలసిన అవసరమేమిటని పాఠకులు అడగరాదు. అవసరం ఉపన్యాసకుడిది.

ఆయన పేరు భిక్షపతి, బి.ఏ. సూర్యాపేటలో పంతులు. పెళ్లయి రెండు నెలలు. భార్య సుందరమ్మ ఆషాఢమని మిర్యాలగూడలో పుట్టింట ఉంది. ఈ నెలలో కొత్త కోడలు తన అత్త గడప, కొత్త అల్లుడు తన అత్త గడప తొక్కరాదు. కోదాడ గడపల గురించి మాత్రం పెద్దలు ఏమీ అనలేదు. అక్కడ సుందరమ్మ చిన్నమ్మ ఇల్లుంది. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడే ఈ లొసుగు కనిపెట్టినందుకు భిక్షపతి తన డిగ్రీని తానే మెచ్చుకున్నాడు. ఉపన్యాసం అరగంట, తరువాత చిన్నమ్మ ఇంట్లో భార్యతో కలిసి ఒక కప్పు చాయ్. పొద్దుగూకేసరికి ఆమె తిరిగిపోవడానికి మిర్యాలగూడ బస్సు. ఆ చాయ్ తలచుకుని వారంగా బడిలో ఒక్కడే నవ్వుకుంటున్నాడు.

సుందరమ్మ వచ్చింది. తోడుగా తల్లి నాంచారమ్మ కూడా వచ్చింది. వేదిక మీదినుంచే భిక్షపతికి భార్య చేతుల గోరింటాకు కనిపించింది. గొంతు దానంతటదే లేచింది.

"యుద్ధకాలమున విమానములు మహాసముద్రమును ఒక్క దమ్మున దాటలేకపోయెను. అందుచే నరసంచారము లేని మంచులో స్థావరము నిర్మించిరి. విమానము దిగును, పెట్రోలు తాగును, ఎగురును. యుద్ధము ముగిసినది, స్థావరము ముగియలేదు. రాబోవు యుద్ధమునకు ఇప్పటినుండే కావలి కాయుచున్నది!"

చప్పట్లు మోగాయి. అరగంట అయింది. ఆపవలసినవాడే. కానీ చప్పట్లు ఆయనకు కొత్త. తెల్ల ఎలుగుబంట్లను దించాడు, ఆరు నెలల రాత్రిని దించాడు. విసనకర్రలు ఊపుతున్న ఆడవాళ్లు ఊపడం ఆపి కొంగులు కప్పుకున్నారు.

నాంచారమ్మ ఉండబట్టలేక అడిగింది: "అల్లుడా, గాడ గడ్డి గూడ మొలవదంటివి. ఎవలొస్తరని కావలి?"

"ఇంతవరకు ఎవరూ రాలేదత్తమ్మా. కావలి ఉంది గనుకనే రాలేదు!"

"గట్ల చెప్పు!" అని నాంచారమ్మ జరిగి బిడ్డ పక్కన అతుక్కుని కూచుంది.

అధ్యక్షులు కొండల్ గారు లేచి, "మన కోదాడకును అటువంటి స్థావరము మంజూరు చేయవలెనని తీర్మానించుచున్నాను. మంచు విషయము తరువాత ఆలోచింతము" అని మొదలుపెట్టి, బస్సు హారన్ మోగేదాకా మాట్లాడారు.

"నడువు బిడ్డా, బస్సు పోతది."

"చాయ్ తాగి పోదామే అమ్మా..."

"కావలి ఇడిస్తే ఏమైతదో నీ మొగడే చెప్పె గద!"

వేదిక పక్కనుంచి పోతూ సుందరమ్మ నవ్వు ఆపుకుని మెల్లగా అంది: "మీ స్థావరం మంచిగున్నది. విమానమే దిగకుండ పోతున్నది."

బస్సు దుమ్ము అణగకముందే సభ ఇంకో తీర్మానం చేసింది: శ్రావణమంతా భిక్షపతి గారు ప్రతి సాయంత్రం కోదాడ వచ్చి ఉపన్యసించవలెను. సుందరమ్మ సూర్యాపేటకు కాపురానికి వచ్చేది ఆ శ్రావణంలోనే. భిక్షపతి వద్దని చెప్పడానికే నోరు తెరిచాడు. ఈలోగా జనం చప్పట్లు కొట్టారు. చేతులు జోడించి ఒప్పుకున్నాడు.

ఆయన్ని చూసి నవ్వకండి. ఆ చప్పట్లు కొట్టింది మీలాంటి పెద్దమనుషులే.