మా బోరు నీళ్లను పాస్ చేసిన సైన్సు

సైన్సు పరిశోధనకు సర్కారు ఇంకా ఎక్కువ పైసలియ్యాలె. ఎందుకంటరా? మా ఊరి నీళ్లను అది బోరు ముట్టకుండనే బాగు చేసింది.

నవ్వకండ్రి. మా ఇంట్ల మొదటి డిగ్రీ నాదే, అదీ సైన్సుల. నాకు దాని మీద భక్తి ఉన్నది.

మాది సిరొంచ తహసీల్, ప్రాణహిత ఒడ్డు పల్లె. బోరు నీళ్లు తాగి నలభై ఏండ్లకే మోకాళ్లు పట్టేస్తున్నయి. పిల్లల పండ్లు పసుపెక్కుతున్నయి. ఫిల్టర్ ప్లాంటు కావాలని గడ్చిరోలి జిల్లా ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నం. అర్జీ కదిలింది. ఏకంగా ఒక సైంటిస్టే వచ్చిండు, ప్రజల సొమ్ముతోటి, ఏసీ జీపుల.

మా పక్కింటి ముసలామె ముత్తక్క వాకిట్ల నేను కుర్చీ వేస్తే కూసున్నడు. "ఆజీ, మీరు తాగే నీళ్లు ఇందుల పోయండి" అని మరాఠీ కలిసిన హిందీల అవ్వకు చెప్పి, సీసా చేతికిచ్చిండు.

మా దిక్కు ఇంటికొచ్చినోళ్లకు బోరు నీళ్లిస్తే ఇజ్జత్ పోతది. చుట్టాల కోసమని సిరొంచ నుంచి కొని తెచ్చిన ఫిల్టర్ నీళ్ల క్యాను ఒకటి మూలకు ఉంటది. ముత్తక్క సీసాను రెండుసార్లు కడిగి, ఆ క్యాను నీళ్లే నిండ పోసింది. సారు మూత బిగించి, చీటీ అంటించుకొని పోయిండు.

ఆరు నెలలకు రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషుల ఉంటే నన్నే చదవమన్నరు. మా బోరు నీళ్లు జిల్లాలనే శుద్ధమైనయట! కాబట్టి ప్లాంటు అక్కర లేదట.

ఎంత మేలో చూడండ్రి. పైపు వెయ్యలే, మోటరు మార్చలే, ఒక్క కాయిదంతోటి నీళ్లు బాగైనయి. ఏ ఇంజనీరన్న ఇట్ల చేసిండా? రోడ్డు మ్యాపుల దొరకని మా ఊరు, పెద్ద సదస్సుల తెర మీద ఆకుపచ్చ చుక్కై మెరిసిందట. మా మోకాళ్లే ఇంకా ఆ రిపోర్టు చదవలే.

"క్యాను నీళ్లెందుకు పోసినవ్, ముత్తక్కా? అవి తాగనీకె కాదు, పరీక్షకు గద" అన్న.

"ఎందుకైతేంది బిడ్డా, సారు సీసా గద. గా నీళ్లు ఎట్ల పోస్త?"

సీసాల పోసింది కొన్న క్యాను నీళ్లు, మళ్లొకసారి పరీక్ష చెయ్యండ్రని సారుకు లెటర్ రాసిన. ఆ ప్రాజెక్టు అయిపోయిందని జవాబొచ్చింది. కొత్తది మంజూరైందట: 'శుద్ధమైన బోరు ఉండంగ పల్లె జనం క్యాన్లు ఎందుకు తెచ్చుకుంటరు?' దీనికి వచ్చే నెల సారే వస్తడట.

ముత్తక్కకు చదివి చెప్పిన. మోకాలు ఒత్తుకుంట ఇన్నది.

"రానీ బిడ్డా. ఈసారి కుర్చీ వెయ్యకు. బోరు ఈడికి నలభై అడుగుల దూరమే, సారునే నడువనీ. గీ కాళ్లతోటి నేను రోజు పోతలేనా?"